సత్తెమ్మ పిన్ని గడప

ఇప్పుడు ప్రతి ఇంటికీ గడపపెట్టె ఉంది కదండీ. వచ్చిన మెయిల్‌ని అదే పైకి చదువుతుంది. గుమ్మంలోకి వచ్చినవాళ్లెవరో కూడా అదే చూస్తుంది. పంపినవాడెవరో తెలియదని ఒక్కరు ఫిర్యాదు చేసినా, వాళ్లే మళ్లీ తెలిసినవాడని చెప్పేదాకా ఏ ఇంటి పెట్టె కూడా వాడి మాట వినదు.

నేను మామిడి తాండ్ర అమ్ముతాను. ఎప్పుడూ కొనేవాళ్లు రెండొందల మంది ఉన్నా ఆశ ఆగక, నాలుగు వేల పేర్ల జాబితా కొన్నాను. మన అలవాటే కదా, ఆడవాళ్లందరినీ పిన్నీ అని పిలుస్తూ మెయిల్ పంపాను.

"సత్తెమ్మ పిన్నీ, కొత్త తాండ్ర వచ్చింది" అని కాకినాడలో ఒక పెట్టె పలికింది. సత్తెమ్మగారు పోయి మూడేళ్లయిందట. పెట్టెలోంచి ఆ పేరు తీయడానికి కూతురు మంగతాయారుకి మనసొప్పలేదట. ఆవిడ ఫిర్యాదు చేసింది. మధ్యాహ్నానికి నా పాతవాళ్ల గడపలు కూడా మూసుకుపోయాయి.

క్షమించమని రాసినా వెళ్లదు. జాబితాలో చిరునామా చూసి బస్సెక్కాను. పెట్టె "మీరెవరో తెలియదు" అంది. వీధిలోంచే అరిచాను.

"తప్పయిపోయిందమ్మా! పేర్లు కొన్నాను గానీ మనుషుల్ని అడగలేదు!"

మంగతాయారు తలుపు తీసింది.

"సిగ్గులేదేటండీ? పోయినోళ్లకి కూడా తాండ్ర అమ్మేత్తారా?"

"ఆ జాబితా చెరిపేశానమ్మా. ఈ తాండ్ర అమ్మగారి ఫొటో దగ్గర పెట్టు."

మంగతాయారు పొట్లం అందుకుని వంటింటి వైపు చూసింది.

"మూడేళ్లయిందండి, ఈ ఇంట్లో అమ్మని పేరెట్టి ఎవరన్నా పిలిచి. మీ మెయిల్ చదవగానే, వంటింట్లోంచి పలుకుద్దేమో అని తిరిగి చూశాను."

పెట్టె ఆవిడని అడిగింది. "వీరు మీకేమవుతారు?"

మంగతాయారు కళ్లు తుడుచుకుంది.

"మా అమ్మని పిన్నీ అన్నాడు. అన్నయ్య అని రాసుకో."