గోల్‌కీపర్ చొక్కా

మర్డో ఎల్స్పెత్ వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి, క్లబ్ ఆటగాళ్ల బట్టలు చూసుకునే ఆమె అతని గోల్‌కీపర్ చొక్కా చేతిమీదున్న స్కాటిష్ లీగ్ గుర్తు ఊడదీస్తోంది. గ్లెన్‌బ్రే ఫుట్‌బాల్ జట్టు శనివారం ఓడి కింది లీగ్‌లోకి జారిపోయింది. అక్కడ ఆ గుర్తు పెట్టుకోకూడదు.

"పదహారు చొక్కాలవీ పీకేశానురా. నీదొక్కటే మిగిలింది. కూర్చో, టీ పోస్తాను."

"వద్దు పిన్నీ. పక్క ఊరి క్లబ్ వాళ్లు పిలిచారు. వస్తానన్నాను."

"వాళ్లా! పోయినేడు నిన్ను జల్లెడ అని వెక్కిరించారు కదరా!"

"కింది లీగ్‌లో ఆడితే నన్నెవరు చూస్తారు? నాకు ఇరవై తొమ్మిది వచ్చాయి. తిట్టు పిన్నీ, తేలికపడతాను."

ఎల్స్పెత్ తిట్టలేదు. "మిగతావాళ్లు?"

"తొమ్మిదిమంది వెళ్లిపోతున్నారు. నీతో చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు."

ఆమె చొక్కాను బల్లమీద పరిచింది. మర్డోవి పొడుగు చేతులని నాలుగేళ్ల క్రితం ఆమే దాని చేతులకు బెత్తెడు గుడ్డ కలిపి కుట్టింది. కొత్తది కొనే స్తోమత క్లబ్బుకు లేదు.

"నీ బదులు వచ్చేవాడు ఎంత పొడుగురా?" అంటూ కత్తెర అందుకుంది.

"ఇంకా ఎవరూ దొరకలేదు పిన్నీ."

కత్తెర తెరిచి పట్టుకున్న ఎల్స్పెత్‌కు ఎక్కడ కత్తిరించాలో తెలియలేదు.