ఆఖరి అడుగు

“మళ్లీ ఆగావ్!” అన్నాడు కోచ్. “పరుగు బాగుంది, చెయ్యి బాగుంది. తీరా బంతి వదిలే ముందు, ఆ ఆఖరి అడుగు దగ్గర బ్రేకెందుకు వేస్తావ్? ఇంకొక్క బంతే ఉంది. ఇదీ ఇలాగే వేస్తే జట్టులో చోటు లేనట్టే.”

పిల్ల కంచె అవతల కూర్చున్న తల్లికేసి చూసింది. కోచ్ కూడా అటే చూశాడు.

“మళ్లీ ‘జాగ్రత్త’ అని అరిచారా అమ్మా?”

“ఒట్టు! ఇవాళ నోరు మెదిపితే అడగండి,” అంది తల్లి. పొద్దుట్నుంచీ చేతిరుమాలు నోట్లో కుక్కుకునే కూర్చుంది మరి.

“అందుకే ఆగాను సార్,” అంది పిల్ల. “రోజూ సరిగ్గా అక్కడికి రాగానే అరుస్తుంది. ఇవాళ వినపడకపోయేసరికి, అమ్మకేమన్నా అయిందేమోనని...”

కోచ్ నెత్తి గోక్కున్నాడు. “అయితే ఆ ముక్కేదో పరుగు మొదలెట్టకముందే అనేయండమ్మా. ఓ పనైపోతుంది.”

పిల్ల ఎక్కడ పడుతుందోనని తల్లిగా తను హడలి చస్తుంటే, పిల్ల తన గురించి హడలి చస్తోందన్నమాట. తల్లి లేచి నిలబడింది. కూతురికేసి చూసి, వికెట్ల ముందు బ్యాటు పట్టుకుని నిలబడ్డ అమ్మాయి వైపు తిరిగింది.

“నువ్వు జాగ్రత్తమ్మా,” అంది.

కూతురు పరుగందుకుంది. ఈసారి ఆగలేదు.