కుర్చీతోపాటు కూతురు

“ఈ చర్చిలో ఆర్గన్ వాయించే కుర్చీ కావాలంటే, ఇప్పుడందులో ఉన్న హార్మ్స్ గారి అమ్మాయిని చేసుకోవాలి. ఇష్టమేనా అబ్బాయ్?” చర్చి గుమ్మంలోనే అడిగేశాడు నగరపెద్ద లూడర్స్.

బాల్టిక్ ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో తరతరాలుగా అదే షరతు. ముందొచ్చిన ఇద్దరూ హార్మ్స్ కూతురు, నలభై దగ్గరపడుతున్న వీబ్కెను ఒక్కసారి చూసి, టోపీలు కూడా మరిచిపోయి పడవెక్కారు. మూడోవాడు హిన్రిక్ మాత్రం తేరిపార చూసి, “ఇష్టమేనండి,” అన్నాడు.

వీబ్కె ప్రాణం లేచొచ్చింది. తండ్రికి వేళ్ళు కొంకర్లు పోయాయి. కొత్తవాడు తనని చేసుకోకపోతే ఉద్యోగంతోపాటు ఇల్లూ పోతుంది. తండ్రీకూతుళ్ళకు ఇక బీదల సత్రమే గతి.

పెద్దలూ, హార్మ్సూ కింద బల్లల మీద ఆర్గన్‌కి వీపు పెట్టి కూర్చున్నారు. కుర్చీ ఇచ్చేముందు వాయించి చూపే పరీక్ష ఉంటుంది; అది జరుగుతుండగా తల తిప్పడం అక్కడ మహా తప్పు. ఆర్గన్ నాదం మార్చే మీటలు లాగి సాయం చెయ్యడానికి వీబ్కె, హిన్రిక్ వెంట ఆర్గన్ ఉన్న మేడెక్కింది. గాలితిత్తులు తొక్కేవాడు గోడ వెనకెక్కడో ఉన్నాడు.

లూడర్స్ కింద నుంచే ఒక చిన్న వరుస పాడాడు. “దీని మీద ఫ్యూగ్ కట్టు. నాలుగు గొంతులూ ఒకదాన్నొకటి తరుముకోవాలి. కానీయ్.”

హిన్రిక్ చేతులు కదల్లేదు. “ఈ ఆర్గన్ మెట్లు బిగుసుకుపోయాయండి,” అని గొణిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

“మెట్లకేం రోగం లేదు. ఫ్యూగ్ రాదా మీకు?” కిందికి వినపడకుండా అడిగింది వీబ్కె.

“కీర్తనలొచ్చు, నాట్యాలకి వాయించే మినుయెట్లొచ్చు. ఫ్యూగులు ఇప్పుడెవరికి కావాలండీ? తాతల నాటి సరుకు.”

“మా ఊళ్ళో పరీక్ష పెట్టేది తాతలే. జరగండి.”

“మీకొచ్చా?”

“ఇన్నేళ్ళూ నాన్న పేరు మీద వాయించింది నేనే. ఆడది ఆ కుర్చీలో కూర్చుందని తెలిస్తే ఆయన్ని చర్చి గడప తొక్కనివ్వరు. నోరు జారకండి.”

వాయించింది. తండ్రి వయసుకు తగ్గట్టు మెల్లగా లాగాల్సిన అవసరం ఇవాళ లేదు. టోపీలు వదిలి పారిపోయిన వాళ్ళ మీది కసంతా వేళ్ళలోకి దిగింది. నాలుగో గొంతు అడుగునుంచి లేచేసరికి కింద ఒక్కడూ దగ్గలేదు.

ఇద్దరూ కిందికి దిగారు. లూడర్స్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. “హార్మ్స్ జన్మలో ఇలా వాయించలేదు,” అన్నాడు. ముసలి హార్మ్స్ తలెత్తలేదు.

వీబ్కె వెళ్ళి హిన్రిక్ పక్కన నిలబడింది. మొదటిసారి ఆ చర్చిలో ఆమెకు సిగ్గేసింది.

పెద్దలు గుసగుసలాడుకున్నారు. లూడర్స్ గొంతు సవరించుకున్నాడు. “అబ్బాయ్, నీలాంటివాణ్ణి ఈ పిల్లని చూపించి పోగొట్టుకుంటామా? షరతు ఎత్తేశాం. చేసుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం. కుర్చీ, ఇల్లూ నీవే.”

మింగలేక కక్కలేక వీబ్కె హిన్రిక్ వైపు చూసింది. అతను టోపీ తీసి పెద్దలకు వినయంగా వంగాడు.

“మీ దయండి. మీటలు లాగడానికి మాత్రం ఆవిణ్ణే రమ్మనండి.”