అమ్మ ఉన్న సీను

పాత సినిమాలను బాగుచేసి తెచ్చిన డిస్కులు ఎలా ఉన్నాయో పత్రికలో రాయడం అతని పని. బొమ్మ మీద ఒక్క గీత మిగిలినా, రంగు కాస్త వెలిసినా ఊరుకునే రకం కాదు. ఆ రాత్రి మాత్రం తప్పులు పట్టడానికి కూర్చోలేదు. ఆ సినిమాలో, రైల్వే ప్లాట్‌ఫారం మీద జనంలో, పెళ్లికి ముందటి వాళ్లమ్మ నిలబడి ఉంటుంది. ఆమె పోయి పదేళ్లయింది. పాత డిస్కులో ఆమె ముఖం ఒట్టి మసక.

కొత్తదాంట్లో మెడ మీది పుట్టుమచ్చతో సహా కనిపించింది. అతని కళ్లు చెమర్చాయి. అంతలో ఆమె తల తిప్పి నేరుగా అతని వంకే చూసింది. పెదవులు కదిలాయి. అతను సౌండు పెంచాడు.

"బుజ్జులూ, వెనక్కి తిరక్కు."

ఆ ముద్దుపేరుతో ఆమె తప్ప ఎవరూ పిలవలేదు. ఆ సినిమా తీసేనాటికి అతను పుట్టనే లేదు.

వెంటనే దాన్ని బాగుచేసిన టెక్నీషియన్‌కు ఫోన్ చేశాడు.

"ప్లాట్‌ఫారం సీన్లో ఆ ఆడమనిషి గొంతు మీకెక్కడ దొరికింది?"

"గొంతేంటి సార్? ఆ సీనుకి సౌండే దొరకలేదు. మూగగానే వదిలేశాం." టెక్నీషియన్ గొంతు తగ్గించాడు. "సార్, ఇంట్లో ఒక్కరే ఉంటానన్నారు కదా? మరి ఆ మూలిగేదెవరు?"

అతనికి ఏమీ వినిపించలేదు. మెడ మాత్రం కొయ్యబారిపోయింది. తెర మీద రైలు వెళ్లిపోయింది, జనమూ వెళ్లిపోయారు. అమ్మ ఒక్కతే నిలబడి ఉంది. ఇప్పుడామె చూస్తున్నది అతణ్ణి కాదు. అతని భుజం మీదుగా, వెనకనున్నదాన్ని.