పస్తున్న చైను

"చైనుకు ఆ నల్లాయిలు పోయకు నాయనా, ఇసుకంతా దానికే పడుతుంది."

సైకిలు ముందు గొంతుక్కూర్చున్న లింబికాని తలెత్తి చూశాడు. ఎవరో ముసలాయన. పాత సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. ఊరికి కొత్త మొహం.

సైకిలు వెనక మనుషుల్ని ఎక్కించుకుపోయే కబాజాల స్టాండు అది. పొద్దున్నే అక్కడ అందరూ చేసే పని ఒకటే. లారీల షెడ్డులో పారబోసే వేస్టాయిలు సీసాకు పట్టి తెచ్చి, చైను మీద ధారగా పోయడం. చైను నల్లగా కారుతుంటేనే సైకిలుకు కడుపు నిండినట్టని వాళ్ళ లెక్క. ఎండు చైను కనిపిస్తే బేరం పక్క సైకిలెక్కుతుందని భయం.

"మరేం పోయమంటావు తాతా? చేపల పులుసా?" అన్నాడు పక్కనున్న వైసన్. అందరూ పగలబడి నవ్వారు.

"కిరసనాయిలుతో కడిగి, కొవ్వొత్తి ముక్కలు కరగబెట్టి అందులో ముంచండి. చర్చిలో అడిగితే ముక్కలు ఊరికే ఇస్తారు. మైనానికి ఇసుక అంటదు."

"చైనుకు కూడా ప్రార్థన చేయించమంటావా? పో తాతా, బేరాల వేళ!" అన్నాడు లింబికాని.

ముసలాయన సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. దాని చైను బూడిద పూసినట్టు పాలిపోయి ఉంది.

"చూడండ్రా, పస్తున్న చైను!" అని లింబికాని వెనక నుంచి కేకేశాడు.

రెండు వారాలకు లింబికాని కూతురు తదాలకు జ్వరం వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల. మూడో రోజుకు పెదాలు తెల్లబడ్డాయి, పిలిస్తే పలకలేదు.

"ఒంట్లో రక్తం లేదు. జిల్లా ఆసుపత్రికి పరుగెత్తండి" అంది ఊళ్ళో నర్సు.

పద్దెనిమిది కిలోమీటర్లు. భార్య ఫైనెస్ పిల్లను ఒళ్ళో కట్టుకుని వెనక కూర్చుంది. లింబికాని లేచి నిలబడి తొక్కాడు. సరస్సు పక్క ఇసుకదారి మొదలవగానే చైను కరకరమంది. సగం దారిలో ఫట్టుమని తెగి కింద పడింది.

దారిలో నరమానవుడు లేడు, ఆ ముసలాయన తప్ప. సైకిలు చెట్టుకు ఆనించి, నీడన కూర్చుని ఉన్నాడు.

ఆయన మొహం చూడ్డానికి లింబికానికి సిగ్గేసింది. అయినా పరుగెత్తాడు.

"తాతా, నా బిడ్డ..."

ముసలాయన పిల్ల వైపు చూశాడు. మెల్లగా లేచి తన సైకిలు ముందుకు తోశాడు.

"తీసుకో."

"మరి నువ్వెట్లా పోతావు?"

"నాదేముందిలే, రేపయినా పోవచ్చు. నీ సైకిలు నా దగ్గరుంటుంది, మా ఇల్లు కటేంగెలో. ఇంక మాట్లాడకు, తొక్కు!"

ఆ ఎండు చైను చప్పుడే చేయలేదు. అంత ఇసుకలోనూ ఎక్కడా పట్టేయలేదు.

ఆసుపత్రిలో పాపకు రక్తం ఎక్కించారు. మర్నాటికి కళ్ళు తెరిచి "నీళ్ళు" అంది. ఫైనెస్ భోరున ఏడ్చింది.

నాలుగో రోజు లింబికాని తాత సైకిలు శుభ్రంగా తుడిచి, పంచదార పొట్లం కొనుక్కుని కటేంగె వెళ్ళాడు. తాత ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పెద్దలకు మొక్కినట్టు చేతులు చరిచి, తప్పయిందని చెప్పుకోవాలని అతని ఆశ.

ఇంటి ముందు మగవాళ్ళు నెగడు చుట్టూ నేల మీద కూర్చున్నారు. లోపల ఆడవాళ్ళు సన్నగా పాడుతున్నారు. చావింటి నెగడని చూడగానే తెలిసింది. తనూ వాళ్ళ పక్కన నేల మీద కూర్చున్నాడు.

గోడ పక్కన అతని సైకిలు ఉంది. తెగిన చైను అతికి ఉంది. నలుపంతా కడిగేసి, మైనం పట్టించారు.

తలకు గుడ్డ కట్టుకున్న ఒకామె బయటికొచ్చింది. తాత కూతురు ఎనెలెసి.

"సైకిలు తీసుకెళ్ళింది నువ్వేనా అన్నా? పాప బతికిందా?"

"బతికిందమ్మా."

"పోనీలే. కళ్ళు మూసేదాకా నాన్న అదే అడిగాడు. నీ సైకిలు తోసుకుంటూ ఇంటికొచ్చి, సాయంత్రందాకా ఆ చైను ముందేసుకుని కూర్చున్నాడు. మర్నాడు మంచం మీంచి లేవలేకపోయాడు. నిన్న మట్టి చేశాం."

"ఏమైందమ్మా తాతకి?"

ఎనెలెసి ఆ పాత సైకిలు సీటు మీద చెయ్యి వేసింది.

"గుండె జబ్బు అన్నా. వెంటనే వచ్చి చేరకపోతే బతకడం కష్టమని డాక్టరు చెప్తే, ఆ రోజు నాన్న ఈ సైకిలెక్కి బయల్దేరింది ఆసుపత్రికే."