బదులు పుంజు

పొద్దుగాల తలుపు తీసేసరికి వాకిట్ల ఈకలే ఈకలు.

భీమమ్మ వాకిట్లకు ఉరికింది. రెండు పెట్టలు గోడ మూలకు చచ్చి పడి ఉన్నయి. అవి పోతే పోయినయి. నల్ల పుంజు కూడ మెడ తెగి పడి ఉన్నది.

అది ఉత్త పుంజు కాదు, మొక్కు పుంజు. పెనిమిటి మొగులయ్య తాగి తాగి కామెర్లయి దవాఖానల పడ్డప్పుడు, మనిషి లేచి తిరగాలె, తాగుడు బంద్ చెయ్యాలె, అట్లయితే పుంజును కోస్తనని బోరంచ నల్లపోచమ్మకు మొక్కుకుంది. తల్లి విన్నది. మొగులయ్య లేచిండు, ఇగ చుక్క ముట్టనని పెండ్లాం తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు. మొక్కు తీర్చుడొక్కటే మిగిలింది. అంతల్నే గిట్లయింది.

వాటిని చంపిన కుక్క పక్కింటి గుమ్మం ముంగట మూతి నాక్కుంట పండుకున్నది.

ఆ ఇంట్ల కిరాయికుండేది శివలింగప్ప. నాగల్‌గిద్ద దిక్కు కన్నడం మాట్లాడే ముసలాయన, పెండ్లాం పిల్లలు లేరు. కందుల దుకాణంల తూకమేస్తుండు. మెడల లింగం, నీసు ముట్టని మనిషి. ఎవరితోని ఎక్కువ మాట్లాడడు.

భీమమ్మ పోయి నోటికొచ్చినట్టు కడిగేసింది. కుక్కను సాదే తెలివున్నోనికి కట్టేసే తెలివి లేదా అన్నది. ముసలితనం వచ్చింది గని బుద్ధి రాలేదన్నది. వెనక నుంచి మొగులయ్య, పోనియ్యే, ఊకో అని గొణిగిండు. బీమారు నుంచి లేచిన మనిషికి లొల్లి పడదనుకొని ఆమె అతన్ని లోపలికి పొమ్మన్నది.

శివలింగప్ప కుక్క దిక్కు చూసిండు. లోపలికి పోతున్న మొగులయ్య దిక్కు చూసిండు.

"తప్పు నాదే బిడ్డా. ఎంతయితదో చెప్పు, ఇస్త."

"నీ పైసలు ఎవనికి కావాలె? కొన్న పుంజును పెడితే తల్లి ఒప్పుకుంటదా? ఇంట్ల పెరిగింది కావాలె. నీ కుక్క తిన్నది, నువ్వే పెంచియ్యి."

కోపంల అన్న మాట అది. లింగం కట్టుకున్నాయన కోడిని సాదుతడా ఎక్కడన్న? ముసలాయన నలుగురిల తలకాయ దించుకోవాలెనని అన్నది, అంతే. ఆయన మాత్రం సరేనని తల ఊపిండు. గల్లీల నిలబడ్డోళ్లు ముక్కున వేలేసుకున్నరు.

సంతల నల్ల కోడిపిల్లను కొనుక్కొచ్చిండు. జొన్నరొట్టె పొడి చేసి అరచేతిల పెట్టుకొని, "బా... బా..." అని తన కన్నడంల రమ్మని పిలుస్తే అది ఉరికొచ్చి చేతిలనే మేసేది. రోజు ఆ పిలుపుతోనే భీమమ్మకు తెల్లారేది. వానలు పడ్డప్పుడు తడుస్తదని ఇంట్లకే తీసుకున్నడు.

ఆయన చెల్లె సుమంగళ చూసిపోదామని వచ్చి, పూజ చేసే ఇంట్ల కోడిని చూసి, గుక్కెడు నీళ్లు తాగకుండ బస్సెక్కింది. ఆ తర్వాత ఆయనోళ్లు పెండ్లికి, పండుగకు పిలుసుడు బంద్ చేసిన్రు. ఈ ముచ్చట గల్లీ అంత తెలుసు. భీమమ్మకు అయ్యో అనిపించలేదు. చేసుకున్నోనికి ఆ మాత్రం తప్పదనుకున్నది.

పుంజు పెరిగి మెడ నిక్కించింది. మొక్కు తీర్చను బోరంచ పోయేనాడు శివలింగప్పనే ఎత్తుకొచ్చిండు. అది ఆయన చంక దిగనంటే దిగనన్నది. ముసలాయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"నీ బాకీ తీరె బిడ్డా. నీ ఇల్లు సల్లగుండాలె."

మొగులయ్య ఆయన మొఖం చూడలేదు.

గుడి ముంగట పుంజును కోసిన్రు. మొగులయ్య నొసట బొట్టు పెట్టుకొని దండం పెట్టిండు. పెనిమిటి దండం పెడుతుంటే చూసి భీమమ్మకు కడుపు నిండినట్టయింది.

ఆ చలికాలం శివలింగప్పకు జ్వరమొచ్చిందన్నరు. పోయి చూడాలె చూడాలె అనుకుంటనే భీమమ్మ పనులల్ల పడిపోయింది. దుకాణమోళ్లు వచ్చి తలుపు నెట్టేసరికి ప్రాణం పోయి ఉన్నది.

అప్పటి సంది ఆమె మనసు మనసుల లేదు. తెల్లారుతుంటే తాళమేసిన పక్కింట్లకెంచి "బా... బా..." అని వినబడుతున్నది. మొగులయ్యను లేపి వినమంటే, ఏం లేదని అటు తిరిగి ముసుగు పెడతడు. చెవుల్ల దూది పెట్టుకున్నా ఆగలేదు. కంటి మీద కునుకు లేక మనిషి సగమైంది.

సామాను తీసుకపోను సుమంగళ వచ్చింది. భీమమ్మ ఎదురుపోయి, మీ అన్న కుక్క గుమ్మం ఇడుస్తలేదు, దాన్ని కూడ తీస్కపో అక్కా అన్నది.

సుమంగళ ఆమెను వింతగ చూసింది.

"మా అన్నకు కుక్కెక్కడిది? చిన్నప్పుడు ఒకటి కరిచింది. అప్పటి సంది కుక్కంటే గజగజ వణికెటోడు."

"మరి తప్పు నాదే అన్నడు గదా?"

సుమంగళ కొంగుతోని కండ్లు ఒత్తుకుంది. ఆ నాడు నీళ్లు తాగకుండ బస్సెక్కే ముందు, నీది కాని కుక్కకు తప్పెందుకు మీదేసుకున్నవని తను కూడ అన్నను అడిగిందట.

"దవాఖాన నుంచి వచ్చినంక కూడ మీ ఆయన చాటుంగ తాగుతనే ఉన్నడట, ఆ కుక్క కల్లు దుకాణం నుంచి రోజు ఆయన వెంబడే వచ్చేదట. ఇంటికాడికి రాంగనే మీకు తెలుస్తదని ఆయన దాన్ని రాయితోని కొట్టేటోడట. అది పోయి మా అన్న గుమ్మం ముంగట పండుకునేదట. తాగుడు ఇడువుమని మీ ఆయనను ఎంత బతిమాలిండో మా అన్న."

భీమమ్మ తన ఇంటి దిక్కు చూసింది.

"నాకు చెప్పొద్దా మరి?"

"నేను గదే అడిగిన. 'మొగడు మంచిగైండన్న ధీమాతోని ఆ పిల్ల ఇన్నేండ్లకు కంటినిండ పండుకుంటున్నది చెల్లే, ఆ నిద్ర నేనెందుకు చెడగొట్టాలె' అన్నడు."