నీలం నిలిచిన నోరు

జుసారా అద్దం ముందు నాలుక చాపి చూసుకుంది. నీలం పోయింది. చిగుళ్ళ మీద కూడా చుక్క లేదు.

పక్కన కాఫీ తాగుతున్న చెల్లెలు ఇరాసీ నోరు మాత్రం ఇంకు సీసా ఒలికినట్టుంది.

ఇద్దరూ కవలలు. జుసారా పది నిమిషాలు పెద్ద. ఆ పది నిమిషాల పెద్దరికాన్ని యాభై రెండేళ్ళుగా చెలాయిస్తూనే ఉంది. ఇద్దరూ ఊరి బ్యాండులో క్లారినెట్ వాయిస్తారు. ఇద్దరికీ చిగుళ్ళ జబ్బే, పై ముందుపళ్ళు కదులుతున్నాయి. అవి ఊడితే క్లారినెట్ నోట నిలవదు. అందరికంటే ముందు వాయించే మొదటి కుర్చీ జుసారాది. అది పోతే ఆమెకి ఇంక బతుకే లేదు.

విశ్వవిద్యాలయం పళ్ళ ఆసుపత్రిలో కొత్త వైద్యం పరీక్షిస్తున్నారంటే, ఉచితమే కదా అని ఇద్దరూ పేర్లిచ్చారు. చిగుళ్ళలోకి నీలం మందు ఎక్కించి, పైన ఎర్రటి లేజరు వెలుగు వేస్తారు. రెండూ కలిస్తేనే క్రిములు చస్తాయి. వారానికోసారి, నాలుగు వారాలు. తిరకాసల్లా ఒకటే. నీలం మందు అందరికీ ఎక్కిస్తారు గానీ సగం మందికి వెలుగు వెయ్యరు, ఉత్తినే మిషను కీచుమనిపించి పంపేస్తారు. ఆసుపత్రి ఇచ్చిన కార్డు నంబరుకి ఏది రాసుంటే నాలుగు వారాలూ అదే. కళ్ళకి నల్లద్దాలు పెడతారు కాబట్టి ఎవరికి ఏది దక్కిందో తెలీదు. డాక్టరు చచ్చినా చెప్పడు.

మొదటి వారం అయింది. మందు భలే పట్టిందే అక్కా, ఎంత కడిగినా పోవట్లేదని ఇరాసీ బస్సులోనే మురిసిపోయింది.

జుసారాకి ఒళ్ళు మండిపోయింది. మంచిదేదైనా తనని దాటి చెల్లెలికి పోవడమా?

"నీది అసలు వైద్యం. నాకు టోపీ పెట్టారు," అంది. "వచ్చే వారం నుంచి నీ కార్డు నాకియ్యి, నాది నువ్వు పట్టుకెళ్ళు. మన మొహాలు చూసి కనిపెట్టే మొనగాడు ఆ ఆసుపత్రిలో లేడు."

ఇరాసీ ఏడ్చింది. "నా పళ్ళూ కదుల్తున్నాయి కదే అక్కా. ఇదొక్కటన్నా నాకొదిలెయ్యవే."

"రెండో కుర్చీలో కూచునేదానికి పళ్ళెందుకే?"

ఎంత మాట! తోడబుట్టినదాన్ని అనే మాటేనా అది? జుసారా అనేసి, తాపీగా మొక్కజొన్న కేకు కోసుకుని తింది. చిన్నప్పుడు కొత్త గౌను, పెద్దయ్యాక కిటికీ ఉన్న గది, అన్నీ ఇలాగే పోయాయి ఇరాసీకి. కాసేపు బతిమాలింది. చివరికి కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

మిగిలిన మూడు వారాలూ జుసారా నోరు పొద్దుపోయేదాకా నీలంగానే ఉంది. బ్యాండులో అందరికీ నాలుక చూపించి గొప్పలు పోయింది. ఇరాసీ నోరు ఆసుపత్రి మెట్లు దిగేసరికే తేటపడేది. పాపం, అన్నారు చూసినవాళ్ళు.

ఎనిమిది నెలలు తిరిగేసరికి జుసారా పై ముందుపళ్ళు నాలుగూ పీకేశారు. ఇరాసీవి బిగిసి కూర్చున్నాయి. ఊరి పండగనాడు బ్యాండు మాస్టారు ఆమెని పిలిచి మొదటి కుర్చీలో కూర్చోబెట్టాడు.

జుసారా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని జనంలో కూర్చుంది. నీలం అంత బాగా పట్టిన నోరు ఇలా ఎందుకైందో ఆమెకి ఎంతకీ అర్థం కాలేదు.

వెలుగు నిజంగా పడ్డ నోట్లో నీలం నిలవదు, కాలిపోతుందని మొదటి రోజే ఆసుపత్రి వరండాలో విద్యార్థులు చెప్పుకుంటుంటే విన్నది ఇరాసీ ఒక్కతే.